ముందు పన్ను చూడండి

ఈరోజు బీడీఎస్ పట్టా అందుకున్న పిల్లలకూ, ఇన్నేళ్లు ఫీజులు కట్టిన తల్లిదండ్రులకూ అభినందనలు. భోజనాల వేళయింది, ఒక్క సంగతే చెబుతాను.

రేపు మీరు బోర్డు కట్టాక వచ్చేవాళ్లలో చాలామంది మెడికల్ షాపు మీదుగానే వస్తారు. ఒక చెయ్యి దవడ మీద, ఇంకో చేతిలో సగం వాడిన అమాక్సిసిలిన్ స్ట్రిప్. "ఇవే ఇంకో నాలుగు రాయండి సార్, పోయినసారి వీటికే తగ్గింది" అంటారు. తగ్గింది మందుకే కాకపోవచ్చు. లోపలి నరం చచ్చిపోతే పోటు దానంతటదే ఆగుతుంది. పేరు మాత్రం మాత్రకొస్తుంది, పిప్పి ఎక్కడిదక్కడే ఉంటుంది.

చచ్చిన పల్పులోకి రక్తం పోదు. రక్తం పోని చోటికి మాత్ర ఎలా పోతుంది? రూట్ కెనాల్ చేయాలి, గడ్డ కోసి చీము తీయాలి, కుదరకపోతే పన్ను పీకాలి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాల సారాంశమూ ఇదే. ఒంట్లో వేరే జబ్బులు లేని పెద్దవాళ్లకు పంటికి వెంటనే వైద్యం చేయగలిగితే, ఉత్త నొప్పికీ, అక్కడికక్కడే ఉన్న వాపుకీ యాంటీబయాటిక్ అక్కర్లేదు.

జ్వరం, నీరసం ఉన్నా, వాపు పాకుతున్నా తప్పకుండా రాయండి. పెన్సిలిన్ పడుతుందో లేదో ముందు అడగండి. మూడో రోజు ఎలా ఉందో కనుక్కోండి. నోరు తెరుచుకోక, ఉమ్మి మింగుడుపడక, నాలుక కింద రెండువైపులా గట్టిగా ఉబ్బితే అది లుడ్విగ్స్ ఆంజినా. ఊపిరాడక ప్రాణం పోతుంది. చీటీ రాస్తూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపించండి.

యాంటీబయాటిక్‌ల గొప్పతనాన్ని కాదనను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. ఎన్నో ప్రాణాలు నిలిపిన ఆ మందులే, పళ్లు తయారయ్యే వయసు పిల్లలకు వాడితే పళ్లకు మాయని పసుపు, గోధుమ మరకలు పట్టించాయి. ఎంత గొప్ప మందుకైనా చోటు చూడాలి, వయసు చూడాలి.

అన్నిటికన్నా కష్టం చుట్టాలతో. ఆదివారం రాత్రి మీ బాబాయి ఫోన్ చేసి "ఏదో ఒక మాత్ర పేరు చెప్పరా" అంటాడు. జ్వరం ఉందేమో, వాపు ఎంతదాకా వచ్చిందో అడగండి. అలాంటివేవీ లేకపోతే నొప్పి మాత్ర చెప్పి, పొద్దున్నే క్లినిక్‌కి రమ్మనండి.