తెర స్తంభించినప్పుడు



నేడు కంప్యూటరు పట్టణవాసుల సొత్తు మాత్రమే గాదు. పాఠశాలలోను, సహకార సంఘములోను, చదువుకొను మనుమలున్న యింటను అది బల్లమీద కూర్చుండియున్నది. దానితో పని చేయుచుండగా ఒక్కొక్కప్పుడు తెర ఉన్నదున్నట్లు నిలిచిపోవును. బాణపుగుర్తు కదలదు, అక్షరము పడదు. అప్పుడు పెద్దలమైన మనము సామాన్యముగా రెండు మాటలలో ఏదో యొకటి అందుము: "యంత్రము చెడినది", లేదా "కుఱ్ఱవాడు చెఱచినాడు". ఈ రెండును తొందరపాటు మాటలని నాకు అనుభవముచే తెలిసినది. ఆ యనుభవమును, దానివలన నేర్చుకొన్న పరీక్షా విధానమును మీకు మనవి చేయుదును.

2023వ సంవత్సరము వేసవిలో మా గ్రామ గ్రంథాలయమందలి పుస్తకముల పట్టికను కంప్యూటరులోనికి ఎక్కించు పని ఆరంభించితిమి. ఇంటరు చదువుచున్న బాలుడొకడు జీతము లేకయే ప్రతిదినము వచ్చి ఆ పని చేయుచుండెను. మూడు వారములు సాఫీగా జరిగినది. పిమ్మట ఒకనాడు తెర స్తంభించినది. మీట నొక్కి ఆపి మఱల వెలిగించితిమి; భద్రపఱచుకొనక వ్రాసినదంతయు పోయినది. మఱునాడును అంతే. "వీడేదో ఆటలాడి చెఱచియుండును" అని కార్యవర్గములో ఒకరనిరి. నేను కాదనలేదు. బాలుడు, "మాస్టారూ, నేనేమీ చేయలేదండీ" అని మాత్రము చెప్పి, మఱునాటినుండి రాక మానెను. పట్టణమునుండి పిలిపించిన మరమ్మతుదారు పెట్టెను తెఱవకయే, గ్రాఫిక్సు కార్డు కాలిపోయినదనియు క్రొత్తది కొనవలెననియు చెప్పెను. దాని వెల మా గ్రంథాలయమునకు ఒక సంవత్సరపు పుస్తకముల సొమ్ము.

ఆ రాత్రి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయు మా అమ్మాయితో ఈ సంగతి చెప్పితిని. "నాన్నగారూ, కార్డు కొనకండి. ముందు ఒక నోటుపుస్తకము కొనండి" అని ఆమె బదులు చెప్పెను. ఆ మాటకు అర్థము తెలియవలెనన్నచో తెరమీద బొమ్మ యెట్లు వచ్చునో కొంత తెలిసికొనవలెను.

గ్రాఫిక్సు కార్డు తెరమీది బొమ్మను గీయు చిత్రకారుడు. కొన్ని యంత్రములలో ఇది వేఱుగా నుండక ప్రాసెసరులోనే ఇమిడియుండును. విండోసు మొదలైన ప్రధాన ప్రోగ్రాము యజమాని. యజమాని మాట చిత్రకారునకు నేరుగా అర్థము కాదు. ఇరువురి నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ దుబాసీ పేరే డ్రైవరు. ఇది బండి తోలు మనిషియు గాదు, ఇనుప వస్తువును గాదు. ఒక ప్రోగ్రాము మాత్రమే. దుబాసీ తప్పు చెప్పినను, నడుమ మాట మఱచి నిలిచిపోయినను, చిత్రకారుడు కుంచె పట్టుకొని అట్లే యుండును. చూచువారికి చిత్రకారుడే మరణించినట్లు తోచును.

ఇందుకు 2007లో ప్రజలకు విడుదలయిన విండోస్ విస్టా నాటినుండి ఒక కట్టుబాటు ఏర్పడినది. అప్పగించిన పనిలో కార్డు చిక్కుకొని 2 సెకన్లలో బదులీయనిచో, విండోసు కార్డును సర్ది డ్రైవరును మఱల ఆరంభించును. తెర ఒక్క క్షణము నల్లబడి తిరిగి వచ్చును. ఒక్క నిమిషములో ఇట్లు 5 మాఱులు జరిగిన పిదప మఱల చిక్కుపడినచో, తప్పు తెలుపు ప్రకటనతో యంత్రమునే నిలిపివేయును.

ఇక పరీక్షా విధానము. తెర నిలిచినప్పుడు వెంటనే మీట నొక్కి ఆపరాదు. మొదట ఏది బ్రదికియున్నదో చూడవలెను. పాట వినుచుండినచో అది ఇంకను వినబడుచున్నదా? క్యాప్స్ లాక్ అను మీట నొక్కినచో దాని దీపము వెలుగుచు ఆరుచున్నదా? ఇవి జరుగుచున్నచో యంత్రము బ్రదికియే యున్నది. బొమ్మ మాత్రమే నిలిచినది. విండోస్ 10, 11 రకములలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను ఒక్కసారిగా నొక్కినచో గ్రాఫిక్సు డ్రైవరు మఱల ఆరంభమగును. తెర ఒకసారి మిణుకుమని, తరచుగా పని ఉన్నచోటనే దొరకును. దీపమును మాఱక, ధ్వనియు లేక, ఈ నాలుగు మీటలకును కదలికరానిచో అప్పుడు మాత్రమే ఆపు మీటను కొన్ని సెకన్లు అదిమి పట్టవలెను.

తరువాత నోటుపుస్తకములో మూడు సంగతులు వ్రాయవలెను: ఏ వేళ నిలిచినది, ఏ పని చేయుచుండగా నిలిచినది, అంతకు ముందు క్రొత్తగా ఏమి వచ్చి చేరినది. మేము పది దినములు వ్రాసితిమి. ఉదయము చల్లని వేళ వెలిగించిన కొద్దిసేపటికే నిలిచిన సందర్భములు కలవు. కావున వేడిమీద అనుమానము తగ్గినది. పట్టిక వ్రాయునప్పుడు అరుదుగాను, కదలు బొమ్మలు చూచునప్పుడు తరచుగాను నిలిచినది. ఈవెంట్ వ్యూయర్ అను దినచర్య పుటలో డిస్ప్లే డ్రైవరు బదులీయక తిరిగి కోలుకొన్నదని తేదీలతో సహా వ్రాసియున్నది. అప్‌డేట్ చరిత్ర చూడగా, మొదటిసారి తెర నిలుచుటకు ముందు రాత్రి క్రొత్త డ్రైవరొకటి తనంతట తానే వచ్చి చేరినట్లు కనబడినది. దానిని తెచ్చినది బాలుడు గాడు, మేమును గాము.

అప్పుడు డివైస్ మేనేజర్ తెఱచి, డిస్ప్లే అడాప్టర్స్ క్రిందనున్న కార్డు పేరు పట్టుకొని, ప్రాపర్టీస్ లోని డ్రైవర్ పుటలో రోల్ బ్యాక్ డ్రైవర్ అను మీటను నొక్కితిమి. పాత దుబాసీ తిరిగి కొలువున చేరెను. తరువాత నెల దినములు తెర నిలువలేదు. కార్డు కాలలేదు, ఒక్క రూపాయియు ఖర్చు గాలేదు.

ఇందువలన క్రొత్త డ్రైవరెప్పుడును చెడ్డదని తలపరాదు. మఱియొక యంత్రములో పాతదే దోషభూయిష్ఠమై, కార్డు తయారుచేసినవారి క్రొత్తదే మందు కావచ్చును. రోల్ బ్యాక్ మీట వెలవెలబోయి నొక్కబడనిచో పాతది నిలువలేదని యర్థము. అప్పుడు ఆ తయారీదారుల స్థలమునుండియే తగినది తెచ్చుకొనవలెను, ఊరు పేరు లేనిచోటనుండి గాదు. ముఖ్య నియమ మొక్కటే: ఒకసారికి ఒక్క మార్పు. డ్రైవరు, తీగ, కార్డు అన్నియు ఒక్కనాడే మార్చినచో రోగము కుదిరినను ఏ మందువలన కుదిరినదో తెలియదు.

డ్రైవరు మార్చినను ఫలితము లేనిచో సేఫ్ మోడ్‌లో నడిపి చూడవలెను. అందు విండోసువారి సాధారణ డ్రైవరే పని చేయును. అక్కడను నిలిచిపోయినచో దోషము శరీరమునందే యుండవచ్చును: ఫ్యానులలో దుమ్ము, వదులైన తీగ, చెడిన మెమరీ, చాలని విద్యుత్తు. పెట్టె తెఱచుటకు ముందు యంత్రమును ఆపి, ప్లగ్గు ఊడదీయవలెను. విద్యుత్తునిచ్చు లోపలి పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

నెల గడచిన పిమ్మట నేను ఆ బాలుని యింటికి పోయితిని. వాని తల్లిదండ్రుల యెదుట, "బాబూ, పరీక్షింపకయే నీమీద నేరము మోపితిమి. తప్పు మాది" అని చెప్పితిని. వాడు తలవంచుకొని, "పట్టిక ఎంతవరకు వచ్చినదండీ?" అని మాత్రము అడిగెను. మఱునాడు వచ్చి మిగిలిన పని పూర్తిచేసెను.

యంత్రములో దుబాసీ తప్పిన మాటను రెండు మీటలతో దిద్దుకొంటిమి. మా నోట తప్పిన మాటను దిద్దుకొనుటకు నెల పట్టినది. కావున మీ యింట తెర నిలిచినప్పుడు, దయచేసి మొదట నోటుపుస్తకము తెఱవుడు, నోరు తరువాత.