పాట మీద పేరు



పొద్దంతా పని చేసి వచ్చారు. ఒంట్లో అలసట ఉంది. అయినా పుస్తకం పట్టుకొని వచ్చి కూర్చున్నారు. ఈ పూట ఒత్తులు వద్దు, గుణింతాలు వద్దు. పాటల ముచ్చట చెప్పుకుందాం.

పాట అంటే ఇష్టం లేని వాళ్లు ఎవరున్నారు? నాట్లు వేసేటప్పుడు పాట ఉంటుంది. బీడీలు చుట్టేటప్పుడు పాట ఉంటుంది. పిల్లను ఊపేటప్పుడు పాట. బతుకమ్మ చుట్టూ పాట. పెండ్లిలో పాట, చావులో పాట.

మీకు బాగా నచ్చిన పాట ఒకటి తలుచుకోండి. ఆ పాట రాసింది ఎవరు? దానికి బాణీ కట్టింది ఎవరు? పాడింది ఎవరు? సినిమా పాట అయితే చాలామంది హీరో పేరు చెబుతారు. హీరో పెదవులు కదిపాడు, అంతే. గొంతు ఇంకొకరిది. మాట మరొకరిది.

ఈ సంగతి బాగా ఎరిగిన తాత ఒకాయన ఆర్మూర్‌లో ఉన్నాడు.

బస్తా మీద చీటి

ఆ తాత వయసులో ఉన్నప్పుడు హమాలీ. పసుపు బస్తాలు మోశాడు. ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పంట ఎంత పేరు పడ్డదో మీకు తెలుసు. రైతు పసుపు తవ్వుతాడు. ఉడకబెడతాడు. ఎండబెడతాడు. కొమ్ము వేరు, మండ వేరు చేసి బస్తాల్లో నింపి తెస్తాడు. తొమ్మిది నెలల కష్టం ఆ బస్తాలో ఉంటుంది.

మార్కెట్లో అన్ని బస్తాలూ ఒక్క తీరుగానే ఉంటాయి. ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? చీటి ఉండాలి. చీటి మీద రైతు పేరు ఉండాలి. తూకం అయినాక తక్‌పట్టీ మీద పేరు ఉండాలి. పేరు తప్పితే ఒకరి పైసలు ఇంకొకరికి పోతాయి.

"పాట కూడా గంతే. పాట మీద చీటి లేకుంటే ఎవలి కష్టమో తెల్వదు" అంటాడు తాత.

తాతకు చిన్నప్పటినుంచీ పాటల పిచ్చి. ఇంట్లో రేడియో లేదు. చాయ్ హోటల్ ముందర నిలబడి వినేవాడు. లోపల కూర్చుంటే చాయ్ తాగాలి. చాయ్‌కి పైసలు ఉండవు. అందుకని బయటనే నిలబడేవాడు. రేడియోలో పాటకు ముందు పేర్లు చెబుతారు. రాసినవారు, పాడినవారు, సంగీతం ఎవరు అని. అట్లా చెవితోనే పేర్లు నేర్చుకున్నాడు. కండ్లతో చదవడం మాత్రం రాదు.

లక్క పలక మీద గొంతు

క్యాసెట్లు రాకముందు గ్రామఫోను ఉండేది. నల్లటి పలక గుండ్రంగా తిరుగుతుంది. సూది పెడితే పాట వస్తుంది. ఆ పాత పలకలను దేనితో చేసేవారో తెలుసా? లక్కతో. మన ఆడవాళ్లు వేసుకునే లక్క గాజులు ఉన్నాయి కదా, ఆ లక్కే. అడవిలో చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు దాన్ని తయారు చేస్తాయి. అందులో ఇంకొన్ని కలిపి పలకలు పోసేవారు. ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాటే పట్టేది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాటలు రికార్డు చేశారు. మన దేశంలో గ్రామఫోను కోసం మొదట పాడినవాళ్లలో ఆమె ఒకరు. పాట చివర ఆమె తన పేరు తానే గట్టిగా చెప్పేది. ఎందుకు? ఆ రికార్డులు జర్మనీ దేశంలో తయారయ్యేవి. అక్కడి పనివాళ్లకు మన భాష రాదు. పేరు వినబడితేనే పలక మీద సరైన కాగితం అంటించగలరు.

ఈ సంగతి తాత చదువు వచ్చినాక తెలుసుకున్నాడు. ఎంత సంబురపడ్డాడో! "గా తల్లి హుషారైంది. తన చీటి తనే రాసుకున్నది" అన్నాడు.

మధుకరం ఎత్తిన గొంతు

తాతకు ప్రాణం ఘంటసాల. పూర్తి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. 1922లో కృష్ణా జిల్లాలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్లాడు. తినడానికి తిండి లేదు. ఇంటింటికీ పోయి మధుకరం ఎత్తాడు. మధుకరం అంటే అన్నం అడుక్కోవడం. అట్లా కడుపు నింపుకొని చదివాడు. 1942 ఉద్యమంలో జైలుకు పోయాడు. ఆ తర్వాత సినిమాల్లో పాటగాడు, సంగీత దర్శకుడు అయ్యాడు. 1970లో పద్మశ్రీ అందుకున్నాడు.

జబ్బు పడ్డాక కూడా ఆయన భగవద్గీత శ్లోకాలు, వాటి అర్థం కలిపి రికార్డు చేశాడు. 1974 ఫిబ్రవరి 11న కన్ను మూశాడు. ఆ గీత రికార్డు ఊరూరా మోగింది.

ఇక్కడ తాతకు ఒక కోపం ఉంది. ఇప్పుడు ఆ గీత ఎక్కడ వినబడుతుంది? చావు ఇంట్లో. వీధిలో గీత వినబడితే "ఎవరు పోయారు?" అని అడుగుతారు. "ఎట్ల బతకాల్నో చెప్పిన పాటను పీనుగు పక్కన పెట్టిన్రు. పొద్దుగాల పెట్టుకొని ఇనుండ్రి, తెలుస్తది" అంటాడు తాత. ఆయన మాత్రం పొద్దున్నే పెట్టుకొని వింటాడు. పక్కింటివాళ్లు మొదట్లో భయపడేవారు. ఇప్పుడు అలవాటైంది.

చెరిగిపోయిన క్యాసెట్

1963లో హాలండ్ దేశపు ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. మన పల్లెలకు అది తర్వాత చాలా ఏండ్లకు వచ్చింది. ఆర్మూర్ దిక్కు నుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకు పనికి పోయారు. వస్తూ వస్తూ టేప్‌రికార్డర్లు తెచ్చారు. తాత తమ్ముడు కూడా ఒకటి తెచ్చాడు.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు తాత ఒక పని చేశాడు. వాడకట్టు ఆడవాళ్లు పాడుతుంటే రికార్డు చేశాడు. ముందు పాడేది తాత తల్లి. అవ్వ చెప్తే మిగతావాళ్లు అందుకునేవారు. ఆమెకు ఎన్ని పాటలు వచ్చో లెక్క లేదు. క్యాసెట్ ఒక వైపు అరగంట నిండింది.

రెండేండ్లకు అవ్వ చనిపోయింది. గొంతు మాత్రం క్యాసెట్లో ఉంది. తాత అప్పుడప్పుడు పెట్టుకొని వినేవాడు.

సినిమా క్యాసెట్ల మీద బొమ్మలు ఉంటాయి. బొమ్మ చూసి తాత గుర్తుపట్టేవాడు. అవ్వ క్యాసెట్ మీద బొమ్మ లేదు. పేరు లేదు. ఎవరు రాయాలి? ఇంట్లో ఎవరికీ రాత రాదు.

ఒకనాడు చుట్టాల పిల్లగాడు వచ్చాడు. క్యాసెట్ చూశాడు. ఏమీ రాసి లేదు. ఖాళీదని అనుకున్నాడు. దాని మీద సినిమా పాటలు రికార్డు చేశాడు.

నెల తర్వాత తాత ఆ క్యాసెట్ పెట్టాడు. అవ్వ గొంతు రాలేదు. సినిమా పాట వచ్చింది. తాతకు కాళ్లు చేతులు ఆడలేదు. అట్లనే కూర్చొని చివరిదాకా విన్నాడు. సినిమా పాటలు అయిపోయాక చిన్న చప్పుడు వచ్చింది. పాట నడుమ నుంచి అవ్వ గొంతు మొదలైంది. రెండు నిమిషాలు ఉందో లేదో. టేపు అయిపోయింది.

తాత ఎవరినీ తిట్టలేదు. "పిల్లగాని తప్పు లేదు. సినిమా పాట తప్పు లేదు. చీటి లేకపోవుడే తప్పు" అన్నాడు.

ఇంకొక సంగతి కూడా ఆయనకు తర్వాతనే తెలిసింది. క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. చెప్పేవాళ్లు లేక ఒక గొంతు పోయింది.

ఆ ఏడే తాత రాత్రి బడికి వచ్చాడు. మొదట తన పేరు నేర్చుకున్నాడు. రెండోది అవ్వ పేరు. ఆ మిగిలిన రెండు నిమిషాల క్యాసెట్ మీద ఆ పేరు రాసి అంటించాడు.

ఒకే ఊరు, రెండు పేర్లు

చదువు వచ్చినాక తాత గ్రంథాలయానికి పోయాడు. తనకు ఇష్టమైన వాళ్ల గురించి చదివాడు. అట్లా ఒక వింత తెలిసింది.

వేములవాడ దగ్గర హనుమాజీపేట అనే ఊరు ఉంది. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. 1931లో ఆ ఊరిలో సి.నారాయణరెడ్డి పుట్టాడు. సినారె అంటే అందరికీ తెలుసు. 1962లో వచ్చిన 'గులేబకావళి కథ' సినిమాతో పాటల రచయితగా పేరు పొందాడు. 'విశ్వంభర' కావ్యానికి 1988 జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. 2017లో చనిపోయాడు.

అదే ఊరివాడు మిద్దె రాములు. ఒగ్గుకథ చెప్పడంలో మొనగాడు. ఒగ్గు అంటే శివుని డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ తెల్లవార్లూ చెబుతారు. నెత్తి మీద కుండ నిలిపి, అది పడకుండా ఆడుతూ కథ చెప్పేవాడని రాములుకు పేరు. తాత వయసులో ఉన్నప్పుడు ఆయన కథ ఒక రాత్రంతా కూర్చొని విన్నాడు. తెల్లారి అట్లనే బస్తాలు మోయడానికి పోయాడు. రాములు 2010లో చనిపోయాడు.

ఒకరు కలంతో, ఒకరు గొంతుతో ఒకే ఊరికి పేరు తెచ్చారు. కలం పట్టిన ఆయన పాటలు పుస్తకాల్లో ఉన్నాయి. గొంతుతో చెప్పిన కథ గాలిలో కలుస్తుంది. ఎవరో ఒకరు పట్టి రాసిపెట్టాలి.

ఇద్దరు మొగిలయ్యలు

2023లో 'బలగం' సినిమా వచ్చింది. ఊరిలో తెర కట్టి అందరూ కలిసి చూశారు. చివర బుర్రకథ పాట వచ్చినప్పుడు ఏడవని వాళ్లు లేరు. ఆ పాట పాడింది కొమురమ్మ, మొగిలయ్య. ఇద్దరూ భార్యాభర్తలు. వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు. మొగిలయ్య ఇంటిపేరు పస్తం. ఆయనకు కిడ్నీల జబ్బు. పేరు నలుగురికీ తెలిసినాకనే సాయం చేసేవాళ్లు వచ్చారు. 2024 డిసెంబరులో ఆయన చనిపోయాడు.

ఇంకొక మొగిలయ్య ఉన్నాడు. ఇంటిపేరు దర్శనం. నాగర్‌కర్నూల్ జిల్లావాడు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురుతో చేసిన 12 మెట్ల కిన్నెర వాయిస్తాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అయినా 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పేపర్లలో వార్త వచ్చింది.

చాలామంది ఈ ఇద్దరినీ ఒక్కరే అనుకుంటారు. తాత ఊరుకోడు. "ఇంటిపేరు సదువుండ్రి. ఒకరి కష్టం ఇంకొకరి ఖాతాల ఎయ్యకుండ్రి" అంటాడు. పద్మశ్రీ వార్త, కూలి వార్త రెండూ కత్తిరించి నోటుబుక్కులో పక్కపక్కనే అంటించాడు. "సప్పట్లు కడుపు నింపయి" అని కింద రాశాడు.

బాలు నేర్పిన పద్ధతి

ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం వేల పాటలు పాడాడు. 1966లో ఆయనతో మొదటి సినిమా పాట పాడించింది సంగీత దర్శకుడు కోదండపాణి. బాలు ఆ మేలు మరువలేదు. తర్వాత మద్రాసులో తన రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి పేరు పెట్టుకున్నాడు.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. అందులో పిల్లలు పాడుతుంటే, ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు అని బాలు చెప్పేవాడు. తన పాట వచ్చినా ముందు వాళ్ల పేర్లే. 2020 సెప్టెంబరు 25న బాలు పోయాడు. ఆ రోజు తాత ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"అభిమానం అంటే బొమ్మకు దండ ఏసుడు కాదు. పేరు మరవకపోవుడు" అంటాడు తాత.

నా పేరు కూడా రాస్తావా?

ఇప్పుడు తాత ఏం చేస్తున్నాడు? వాడకట్టులో బీడీలు చుట్టే ముసలమ్మల దగ్గర కూర్చుంటాడు. అవ్వతో కలిసి బతుకమ్మ ఆడినవాళ్లు కొందరు మిగిలారు. వాళ్లను పాడమంటాడు. మనుమడు ఫోనులో రికార్డు చేస్తాడు. తాత నోటుబుక్కులో రాస్తాడు. పాట ఏది? పాడింది ఎవరు? ఎవరి దగ్గర నేర్చుకుంది? ఏ తారీకు?

మొదటిసారి ఒక ముసలమ్మ అడిగింది: "నా పేరు కూడా రాస్తవా?"

ఆమె పేరు అంతవరకు బీడీల లెక్క పుస్తకంలోనే ఉంది. పాట పక్కన ఎవరూ రాయలేదు. తాత పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. ఆమెకు చదువు రాదు. అయినా ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

అవ్వ పాటల్లో కొన్ని అట్లా దొరికాయి. గొంతు దొరకలేదు. మాట దొరికింది.

అక్కలారా, అన్నలారా! మీకు ఇప్పుడు రాత వచ్చింది. బస్సు బోర్డు చదువుతున్నారు. సంతకం పెడుతున్నారు. మంచిదే. మీ ఇంట్లో కూడా పాడే అమ్మ ఉంటుంది, కథ చెప్పే తాత ఉంటాడు. వాళ్లు ఉండగానే రాయండి. తప్పులు పోతే పోనీయండి. దిద్దుకోవచ్చు. మనిషి పోతే దిద్దుకోలేం.

ఆలోచించండి – రాయండి

1. మీ ఇంట్లో పాత పాటలు ఎవరికి వచ్చు? వారి పూర్తి పేరు రాయండి.

2. వారు ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాయండి.

3. మీకు నచ్చిన ఒక సినిమా పాట రాసినవారి పేరు, పాడినవారి పేరు తెలుసుకొని రాయండి.

4. ఇద్దరు మొగిలయ్యల ఇంటిపేర్లు ఏమిటి?

5. తాత క్యాసెట్ ఎందుకు చెరిగిపోయింది? మీ ఇంట్లో చీటి లేక పోగొట్టుకున్నది ఏమైనా ఉందా? నలుగురిలో చెప్పండి.