పాట కట్టినవారు

చిలకలూరిపేటలో మా యింటి వెనుక మిరపకాయల కొట్టుండెడిది. వేసవిలో స్త్రీలు బారులుగా గూర్చుండి తొడిమలు తీయుచు, ఘాటునకు తుమ్ముచు, నడుమ నడుమ పాడుకొనెడివారు. వారు మరల మరల పాడునది పావురముపై పాట. అదెవరిదని నేనడుగగా మా అమ్మ "భానుమతి పాట" అనెను. పేటలో నంతకుమించి చెప్పగలవారు లేరు.

ఆ పాట 1945 నాటి 'స్వర్గసీమ' లోనిది. ఆ చిత్రమునకు సంగీతము నాగయ్యగారు, ఓగిరాల రామచంద్రరావుగారు. కాని యీ పాటకు మాటయు వరుసయు బాలాంత్రపు రజనీకాంతరావుగారివి. 'బ్లడ్ అండ్ శాండ్' అను హాలీవుడ్ చిత్రములోని కూనిరాగమొకటి దీనికి ప్రేరణ. పరదేశపు వరుసను తెలుగు నోటికి ఒదిగించు విద్య మన సినిమాలలో పిమ్మట విచ్చలవిడిగా సాగినది. ఇంత ఒద్దికగా సాగినదని మాత్రము చెప్పజాలను. అప్పటికాయన మద్రాసు రేడియోలో ఉద్యోగి. అందువలన తన పేరు వేసికొనక, సోదరులు నళినీకాంతరావుగారి పేరు వాడిరి.

1941లో రేడియోలో చేరిన యీయన లలితసంగీతమునకొక రూపము కల్పించిరి. కచేరీలో రాగము విస్తరించుకొలది మాట మరుగగును. ఈయన పాట నాలుగైదు నిమిషములలో ముగియును; వీణయు వేణువును మాటకు దారి యిచ్చి ప్రక్కన నడచును. 1947 ఆగష్టు 15న స్వాతంత్ర్యగీతమును టంగుటూరి సూర్యకుమారిగారు పాడగా విన్నవారు అర్థమునకై తడవుకొనవలసిన పని లేకపోయెను. 1948లో విజయవాడ కేంద్రము వెలసిన పిమ్మట మా పేటకు తెల్లవారుట భక్తిరంజనితోనే. వోలేటివారు, శ్రీరంగం గోపాలరత్నంగారు మాకు ఇంటివారివలె నుండిరి. ఈ మాసపు పాటను నేర్చుకొనుటకు మా అక్క పుస్తకము, పెన్సిలు పట్టుకొని రేడియో ముందు గూర్చుండెడిది. నేటి టెలివిజను పోటీలలో పిల్లలు మాట తెగకుండ, గొంతు చించుకొనక పాడునప్పుడు నాకా పెన్సిలు జ్ఞప్తికి వచ్చును.

పాట కట్టినవారి చరిత్రనే యాయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'గా వ్రాసి, 1961లో సాహిత్య అకాడమీ పురస్కారమందిరి. తన పాటపై తన పేరు లేనివారు!

2018 ఏప్రిల్ 22న ఆయన పరమపదించిరి. ఆ వార్తను మా అమ్మకు చదివి, పావురము పాట వీరిదే యని చెప్పితిని.

"పాడింది ఆవిడే గదరా?"

"పాడినది ఆవిడే అమ్మా. కట్టినది వీరు."

ఆమె కొంతసేపు ఊరకుండి, "ఆ పేరు మళ్లీ ఒకసారి చెప్పు" అనెను.