అంతర్జాల వ్యసనము: ప్రశ్నలతో కొలువవచ్చునా?



బైలాడిలా కొండ రాయిని ప్రయోగశాలకు పంపినచో అందులో ఇనుము ఎంత శాతమున్నదో తేలిపోవును. ఆ రాయిని ఏ భాషలోను ప్రశ్నింపనక్కరలేదు. మనస్సు అట్టిది కాదు. దానిని కొలువదలచినవారు మనిషినే అడుగవలెను. అతడు చెప్పిన మాటనే కొలతగా గ్రహింపవలెను. అంతర్జాల వ్యసనమును కొలుచు ప్రశ్నావళుల బలమును, బలహీనతయు ఇచ్చటనే ఉన్నవి.

వీని పుట్టుక కొంత విచిత్రము. 1995లో న్యూయార్కు మానసిక వైద్యుడు ఐవాన్ గోల్డ్‌బర్గ్ కేవలము పరిహాసమునకై ఇట్టి రోగమొకటి ఉన్నదని పేరు పెట్టి, లక్షణములు కూడ వ్రాసెను. 1996లో అమెరికాలోనే కింబర్లీ యంగ్ అను మనస్తత్త్వవేత్త అదే విషయమును గంభీరముగా చేపట్టి, జూద వ్యసనమునకు వైద్యులు చెప్పు లక్షణములను మార్చి 8 ప్రశ్నలు కూర్చెను. అందు 5 ప్రశ్నలకు ‘అవును’ అన్నవారు వ్యసనపరులు! 1998లో ఆమెయే 20 ప్రశ్నల పరీక్షను ప్రకటించెను. అనుకొన్నదానికంటె ఎక్కువసేపు గడుపుచున్నారా, ఇంటిపనులు వెనుకబడుచున్నవా, నిద్ర చెడుచున్నదా అని అడిగి, నూటికి మార్కులు వేయుదురు. 80కి చేరినచో చిక్కు తీవ్రమని లెక్క. 2008లో హంగరీ పరిశోధకులు వ్యసనమను మాటను విడిచి ‘సమస్యాత్మక వినియోగము’ అను పేరుతో 18 ప్రశ్నలు సిద్ధపరచిరి. వారు చూచినవి మూడు: ఎడతెగని ధ్యాస, ఇతర పనుల నిర్లక్ష్యము, అదుపు తప్పుట.

ఇట్టి పత్రమును బచేలి కాలనీలో ఒక గృహిణి చేతికిచ్చినట్లు ఊహింపుడు. కుమారుడు విశాఖపట్టణములో చదువుచున్నాడు. రాత్రి ఫోనులో అతని ముఖము చూచినగాని ఆమెకు అన్నము సయింపదు. ‘అనుకొన్నదానికంటె ఎక్కువసేపు?’ ఎల్లప్పుడు. ‘లేనప్పుడు దిగులు?’ ఎల్లప్పుడు. భర్తకు రాత్రి షిఫ్టు కనుక నిద్రయు అంతంతమాత్రమే. మార్కులు పెరిగిపోవును, రోగము మాత్రము లేదు. ప్రక్క ఇంటి కుర్రవాడు తెల్లవారుదాక పందెపు ఆటలాడి జీతమంతయు పోగొట్టుకొనుచున్నాడు. తల్లి వెనుక నిలిచి చూచుచుండగా అతడు ప్రతి ప్రశ్నకును ‘ఎన్నడును లేదు’ అని వ్రాయును. కాగితము ప్రకారము ఆరోగ్యవంతుడతడే.

భాష తెచ్చు చిక్కు వేరు. ‘ధ్యాస’ తెలుగువారికి తప్పు కాదు; దైవధ్యాస, చదువు ధ్యాస మెచ్చుకోలు మాటలు. ఆంగ్లములో రోగలక్షణమైన పదము తెలుగులో సుగుణమై కూర్చున్నచో మార్కులకు అర్థమేమి? అందుకే ఒకరు తెలుగు చేసినదానిని వేరొకరు తిరిగి ఆంగ్లములోనికి మార్చి, మూలముతో సరిపోల్చి, పిమ్మట జనులపై పరీక్షింపవలెను. నిఘంటువు చాలదు.

2020లో కొందరు పరిశోధకులు ఒక చమత్కారము చేసిరి. సామాజిక మాధ్యమ వ్యసనపు ప్రశ్నలలో మాధ్యమమును తీసి ‘స్నేహితులు’ అని పెట్టి 807 మందిని అడిగిరి. 69 శాతము మంది స్నేహితుల వ్యసనపరులని తేలినది! దానికి ఆసుపత్రి తెరువవలసినదని ఎవరును అనలేదు.

అట్లని ప్రశ్నావళిని పారవేయుట తగదు. అది జల్లెడ, ఎవరితో తీరికగా మాటలాడవలెనో చూపును. నిర్ణయము వైద్యునిది. 2022 జనవరి 1న అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలో అంతర్జాల వ్యసనమను పేరు లేదు. ఆటల వ్యసనము మాత్రము చేరినది. అచ్చటను గంటల లెక్క లేదు. అదుపు తప్పుట, తక్కిన వ్యాపకములకంటె ఆటయే ముఖ్యమగుట, నష్టము కనబడుచున్నను మానకుండుట, ఇవి సాధారణముగా 12 నెలలు సాగినవా అనునదే ప్రశ్న. కుమారుని ఫోనులో గంటలు లెక్కించి వానిపై రోగపు ముద్ర వేయు తండ్రులు గమనింపదగిన సంగతి ఇది.

బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2014లోనే ఇట్టివారికై ప్రత్యేక వైద్యశాఖ ఏర్పడినది. బచేలికి అది దూరము. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్‌ను 14416 సంఖ్యపై పిలిచినచో తెలుగులోనే మాటలాడవచ్చును; రుసుము లేదు.