పాత పాలబండికి కమాను కట్టలు కొనేటప్పుడు
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాము. ఒక సంఘం వారు తమ పాత పాలవ్యానుకు వెనుక కమాను కట్టలు కొన్నారు. మూడు కొటేషన్లలో తక్కువది వదలి మధ్యది తీసుకున్నారు. కారణం తీర్మానంలో వ్రాయలేదు. తనిఖీలో మేము అభ్యంతరం వ్రాశాము. మరుసటిసారి వారు భయపడి అన్నింటికన్నా చౌకది కొన్నారు. పట్టుమని నాలుగు నెలలు కాకముందే మెయిన్ పట్టీ విరిగి, బండి చెరువుగట్టు మీద ఒరిగింది. డ్రైవరు బ్రతికి బయటపడ్డాడు. ఆ పూట పాలు మాత్రం శీతలీకరణ కేంద్రం చేరలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మొదటిది బరువు. 40 లీటర్ల క్యానులో పాలే సుమారు 41 కిలోలు. క్యాను బరువు అదనం. 30 క్యాన్లయితే పాలే 1,200 కిలోలు దాటుతాయి. "ఇంకొక పట్టీ వేస్తే మరి పది క్యాన్లు ఎక్కించవచ్చు" అనే మేస్త్రీలున్నారు. నమ్మవద్దు. పట్టీ పెంచితే కమాను గట్టిపడుతుందే గాని ఇరుసు, బ్రేకులు, ఛాసిస్ బలపడవు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని మొత్తం బరువే హద్దు.

రెండవది కొలత. బండి పేరు ఒకటే అయినా వీల్‌బేసును బట్టి కట్ట మారవచ్చు. ఛాసిస్ నంబరు, పట్టీల సంఖ్య, వెడల్పు, మందం, పొడవు వ్రాసి కొటేషను అడగండి. సరుకు ఐ.ఎస్. 1135 ప్రమాణానిదని అందులోనే వ్రాయించండి. పాతసామాను అంగడిలోని కట్ట వద్దు. రంగు క్రింద పగులు కనపడదు.

మూడవది జత. ఒక వైపే మార్చితే బండి పాత వైపుకు వాలుతుంది. రెండు వైపులా మార్చండి. బుష్షులు, సెంటర్ బోల్టు, యూ బోల్టులు కూడా కొత్తవే వేయించండి. సాగిన యూ బోల్టు పట్టు నిలవక, సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరుగుతుంది. కొన్ని రోజులు బరువు మోసిన తరువాత యూ బోల్టులు మరల బిగించాలి.

నాలుగవది తీర్మానం. తక్కువ కొటేషను వదలినప్పుడు ఎందుకు వదిలారో మినిట్స్ పుస్తకంలో రెండు వాక్యాలు వ్రాయండి. విరిగిన పట్టీని పారవేయక బిల్లుతో పాటు ఉంచండి. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు మేము కాగితంతో పాటు ఆ పట్టీని కూడా చూస్తాము.

సెలవు.