గృహస్థుని వేధశాల



సంసారికి వ్యసనములు తగవని పెద్దలందురు. వ్యసనమనఁగానే పేకముక్కలును గుఱ్ఱపుపందెములును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని నక్షత్రములఁ జూచుటయే వ్యసనముగాఁ గల గృహస్థులొకరు విశాఖపట్టణమున నుండిరి. వారు అంకితము వెంకట నరసింగరావుగారు. 1827లో జనించి 1892లో స్వర్గస్థులైరి. ఈ వ్యసనము వారి సంసారమునకు విరోధి కాలేదు. సంసారముద్వారముననే వారికది సంక్రమించెను.

వారి మామగారు గోడే వెంకట జగ్గారావుగారు. ఆయన చెన్నపురి వేధశాలాధికారియగు టెయిలరు దొరగారియొద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించి, 1840లో డాబాతోటలయందుఁ దమ సొంత వేధశాలను నెలకొల్పిరి. డాల్ఫిన్సునోసు కొండమీఁద ధ్వజస్తంభము నాటించి, ప్రతిదినమును నియతకాలమున జెండా దిగునట్లు చేసిరి. దానిం జూచి ఓడలవారును ఊరివారును గడియారములు సరిచేసికొనుచుండిరి. పంచాంగకర్త యించుక తప్పినచో తిథిని గూర్చి తగవు పుట్టును, అంతే. నావికుని గడియారమొక నిమిషము తప్పెనేని పావు డిగ్రీ రేఖాంశము తప్పును. విశాఖ సముద్రమున నది 16 మైళ్లకుఁ బైమాట.

1856లో, నలువదియేండ్లు నిండకయే, జగ్గారావుగారు గతించిరి. వారి కొమార్తె అచ్చయ్యమ్మగారు నరసింగరావుగారి ధర్మపత్ని. డిప్యూటీ కలెక్టరు పదవిలో నున్న అల్లుఁడుగారు ఎస్టేటును వేధశాలను జూచుకొనుటకై యుద్యోగమును విడిచిరి. మామగారి భూములు అల్లుని కబ్బుట లోకమునఁ గలదు. దూరదర్శినియుఁ గూడ నబ్బుట, అందును అది మూలఁబడక యుండుట, నేనెఱిఁగినంతలో నరుదు.

రావుగారు ఇంగ్లండునుండి ఆఱంగుళముల కటకముగల క్రొత్త దూరదర్శినిని దెప్పించిరి. గ్రహణములను, వానలను, గాలులను గుఱించి లెక్కలు వ్రాసియుంచిరి. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారు వారిని సభ్యులుగాఁ జేర్చుకొనిరి.

1874 డిసెంబరు 9వ తేదీని మాత్రము విడిగాఁ జెప్పవలయును. ఆనాఁడు ప్రొద్దుపొడిచిన కొంతసేపటికి శుక్రుఁడు చిన్న నల్లబొట్టువలె సూర్యబింబముపైఁ బ్రవేశించి, నాలుగున్నర గంటలకుఁ బైగా నడచి మధ్యాహ్నప్రాయమున వెడలిపోయెను. భూమిపై వేఱువేఱు చోట్లనుండి ఈ ప్రవేశనిర్గమములను క్షణము తప్పక గుర్తించినచో సూర్యుని దూరము గణింపవచ్చును. అందులకై దొరతనములు లక్షలు వెచ్చించి పండితులను దేశాంతరముల కంపినవి. అంతకుముందు 1769లో నిట్టిది జరిగెను. మరల 1882లో జరిగినపుడు మనకు రాత్రి. అటుపిమ్మట 2004, 2012. ఇఁక 2117 వఱకు లేదు. కావున రావుగారి జీవితమున విశాఖనుండి చూడఁదగిన దిదియొక్కటే. ఒక్క మబ్బు తునుక యడ్డువచ్చిన సంవత్సరముల సన్నాహము వ్యర్థమగును. తమ తోటలోనుండి వారా కాలములను గుర్తించి వ్రాసిన నివేదిక మఱుసటియేఁడు లండను సొసైటీవారి పత్రికలో నచ్చయ్యెను. ప్రభుత్వసాయము లేక, గృహకృత్యములనడుమ నొక తెలుఁగువారు చేసినపని యిది.

రావుగారి యనంతరము, తండ్రి కట్టినదియు భర్త పెంచినదియు నగు నా శాల మూఁతపడకుండ అచ్చయ్యమ్మగారు 1894లో దానిని చెన్నపురి ప్రభుత్వమువారి కప్పగించిరి. చరిత్రలలో నామె పేరొక పంక్తికి మించి కానరాదు. ఇది నాకు న్యాయముగాఁ దోఁపదు. ఆమె లేనిచో మామకు నల్లునికి నడుమ వంతెనయే లేదు. తాతగారి పేరుపెట్టుకొన్న కుమారుఁడు జగ్గారావుగారును ఆకాశదర్శనము విడువలేదు. ఆ వేధశాల యిప్పుడు లేదు. డాబాగార్డెన్సను పేరుమాత్రము అంగళ్లతోఁ గ్రిక్కిఱిసిన పేటకు నిలిచియున్నది.