రెండో పేరు

(ఇంజినీర్స్ డే సందర్భంగా హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ డిజైనర్ల సమావేశంలో చేసిన ఉపన్యాసం)



నా చేతిలో రెండు కెపాసిటర్లు ఉన్నాయి. వెనకవాళ్లకు కనిపించవు కాబట్టి చెబుతాను. రెండింటి మీదా 1000 మైక్రోఫారడ్లు, 16 వోల్టులు అనే రాసి ఉంది. ఎత్తు ఒకటే, లావు ఒకటే, కాళ్ల మధ్య ఎడమూ ఒకటే. మొదటిది మేం నాలుగేళ్లపాటు వాడింది. రెండోది, 2021 చివర్లో మొదటిది దొరక్క దాని బదులు కొన్నది. ఈ రెండోదాని మూలంగా నల్లగొండ జిల్లాలో కొన్ని బత్తాయి తోటలకు వేళకు తడి అందలేదు.

మాది చిన్న కంపెనీ. వ్యవసాయ బోర్లకు మొబైల్ స్టార్టర్లు చేస్తాం. రైతు ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేస్తే మోటారు లేస్తుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అయిపోయినా మోటారు ఆగి, ఫోనుకు మెసేజ్ వస్తుంది. డబ్బా లోపల ఒక మైక్రోకంట్రోలరు, ఒక జీఎస్ఎం మాడ్యూలు, రిలేలు, పవర్ సప్లై ఉంటాయి.

2021 ఎలాంటి సంవత్సరమో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోవిడ్ మొదట్లో కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లు రద్దు చేసుకుని, మళ్లీ ఒక్కసారిగా వచ్చి వరసలో నిలబడ్డాయి. అంతకుముందే, 2020 అక్టోబరులో జపాన్‌లో నోబెయోకాలోని ఏకేఎం ఫ్యాక్టరీ కాలిపోయి ఆడియో చిప్పులు కరువయ్యాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానుకు ఆస్టిన్‌లోని చిప్పుల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. మార్చి 19న జపాన్‌లోనే నాకాలో రెనెసాస్ చిప్పుల ప్లాంటులో మంటలు లేచాయి. ఎనిమిది వారాల్లో వచ్చే మైక్రోకంట్రోలరుకు డిస్ట్రిబ్యూటర్లు 52 వారాలు అని రాసి పంపుతున్నారు.

మా అందరి కళ్లూ ఆ మైక్రోకంట్రోలరు మీదే. చివరికి దాని గండం గట్టెక్కాం. మేం వాడుతున్నది ఎస్‌టీఎం32ఎఫ్103. దానికి కాలికి కాలు సరిపోయే జీడీ32ఎఫ్103 మార్కెట్లో ఉంది. సరిపోతుందంటే బోర్డు మీద కూర్చుంటుందనే తప్ప, తేడా లేదని కాదు. మొదటిది గరిష్ఠంగా 72 మెగాహెర్ట్జ్, రెండోది 108. రెండింటినీ ఒకే వేగంతో నడిపినా ఫ్లాష్ మెమరీ నుంచి ఇన్‌స్ట్రక్షన్లు తెచ్చుకునే తీరు వేరు. ఖాళీ లూపు తిప్పి మిల్లీసెకన్లు లెక్కబెట్టే అలవాటు మనలో చాలామందికి 8051 రోజుల నుంచి ఉంది. అలా రాసిన కోడు కొత్త చిప్పు మీద లెక్క తప్పుతుంది. మా దగ్గర ఫర్మ్‌వేర్ రాసిన అమ్మాయి మూడేళ్ల ముందే ఆ లూపులన్నీ తీసేసి, హార్డ్‌వేర్ టైమర్ల మీదికి మార్చింది. అప్పుడు నేనే, ‘నడుస్తున్నదాన్ని ఎందుకమ్మా కదపడం?’ అని అడ్డుచెప్పాను. ఆమె విననందుకు మూడు వారాల్లో కొత్త చిప్పుకు మారాం. పెద్ద భయం తీరింది. కెపాసిటరు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

మా పర్చేజ్ ఆయన ఒకరోజు నా దగ్గరికొచ్చాడు. ‘సార్, పాతది మార్చి దాకా లేదంటున్నారు. ఇదైతే ఇవాళే ఐదువేలు ఇస్తారు. వెయ్యి మైక్రోఫారడ్లు, పదహారు వోల్టులు, సైజు అదే. ఓకేనా?’ నేను ఓకే అన్నాను. బోర్డులు తయారయ్యాయి. ల్యాబులో రెండు రోజులు నడిపి చూశాం. ఒక్కటీ తప్పలేదు.

జనవరిలో, సంక్రాంతికి ముందు, ఫోన్లు మొదలయ్యాయి. ‘సారూ, కరెంటుంది. డబ్బల లైటు ఆరుతుంది, మల్ల వెలుగుతుంది. మోటరైతే నడుస్తలేదు. పొద్దెక్కినంక మంచిగనే ఉంటుంది.’ బత్తాయి సాగు తెలిసినవాళ్లకు ఆ రోజుల విలువ చెప్పక్కర్లేదు. తోటను కొన్నాళ్లు బెట్టకు వదిలి, చెట్టు ఆకలిగొన్నాక మళ్లీ తడి మొదలుపెడతారు. ఆ తడితోనే పూత లేస్తుంది. అది ఒక వారం అటూ ఇటూ అయితే ఏడాది కాపు మీద పడుతుంది. ఆ మాట నాకు చెప్పిన రైతు కోపంగా చెప్పలేదు. అందుకే ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

పదకొండు డబ్బాలు వెనక్కి తెచ్చి ల్యాబులో పెడితే అన్నీ భేషుగ్గా పనిచేశాయి. ఇక లాభంలేదని ఆసిలోస్కోపు జీపులో వేసుకుని తోటకే వెళ్లాం. తెల్లవారుజామున ఐదున్నరకు, మంచులో, స్టార్టరు తలుపు తీసి ప్రోబు తగిలించాం. ఫోన్ చేయగానే కారణం తెర మీద కనబడింది.

జీఎస్ఎం ఫోను నిలకడగా ప్రసారం చేయదు. 4.615 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్లపాటు మాత్రం గట్టిగా పలికి ఊరుకుంటుంది. పాతకాలం ఫోను మోగబోయే ముందు పక్కనున్న రేడియో గుర్రుమనేది, గుర్తుందా? ఆ చప్పుడు ఇదే. ఆ పలికే క్షణంలో మాడ్యూలు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. పవర్ సప్లై అంత త్వరగా అందుకోలేదు. ఆ క్షణాన్ని మోయాల్సింది ఈ కెపాసిటరే. బిందె నిండా నీళ్లున్నా మూతి సన్నగా ఉంటే ధార సన్నగానే వస్తుంది కదా. మైక్రోఫారడ్లంటే బిందెలో నీళ్లు. మూతి సంగతి చెప్పేది లోపలి నిరోధం, మన భాషలో ఈఎస్ఆర్. మొదటి కెపాసిటరుది 0.04 ఓములు. రెండు ఆంపియర్లకు 0.08 వోల్టు పడిపోతుంది. రెండోదానిది 0.25 ఓములు, అంటే అర వోల్టు. మేం మాడ్యూలుకు ఇస్తున్నది 3.8 వోల్టులు. 3.4 కన్నా దిగితే అది పడుకుంటుంది. 3.8లోంచి 0.5 తీసేయండి.

మరి ల్యాబులో ఎందుకు దొరకలేదు? మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే టవరు కనిపిస్తుంది. సిగ్నలు దండిగా ఉన్నచోట మాడ్యూలు మెల్లగా మాట్లాడుతుంది, అంత కరెంటు లాగదు. తోటలో టవరు ఎక్కడో దూరాన ఉంది కాబట్టి గొంతు చించుకుని అరవాలి. పైగా చలికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల లోపలి నిరోధం పెరుగుతుంది. పొద్దెక్కాక బాగుంటుందని రైతు చెప్పిన మాటలో సగం జవాబు ఉంది. మాకది వినపడలేదు.

తప్పు కెపాసిటరుది కాదు, దాన్ని తయారుచేసినవాళ్లదీ కాదు. వాళ్ల డేటాషీట్లో ఆ అంకె ఉంది. నేను మా డ్రాయింగులో ‘1000 మైక్రోఫారడ్, 16 వోల్ట్’ అని మాత్రమే రాశాను. ఈఎస్ఆర్ ఇంతకు మించకూడదని రాయలేదు. ఆ అవసరం నా బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. పర్చేజ్ ఆయన కాగితాన్నే కొన్నాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ కథ విన్నవాళ్లు ‘ఈఎస్ఆర్ తక్కువగా ఉంటే మంచిది’ అని రాసుకుని వెళ్తారు. అదీ పొరపాటే. ఎల్ఎమ్1117 రెగ్యులేటరు తెలుసు కదా, దాని డేటాషీట్ ఔట్‌పుట్ కెపాసిటరు ఈఎస్ఆర్ 0.3 నుంచి 22 ఓముల మధ్య ఉండాలంటుంది. అక్కడ టాంటలమ్ దొరకలేదని మంచి సిరామిక్ కెపాసిటరు పెడితే నిరోధం మరీ తక్కువై ఔట్‌పుట్ ఊగిసలాడవచ్చు. అదే 1117 అంకె పెట్టుకున్న వేరే కంపెనీల రెగ్యులేటర్లలో సిరామిక్‌తో నిమ్మళంగా ఉండేవీ ఉన్నాయి. కాబట్టి ‘అదే పార్టు’ అనడానికి ముందు ‘ఏ సర్క్యూటుకు?’ అని అడగాలి. సిరామిక్ కెపాసిటర్లతో ఇంకో చిక్కుంది. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ అనే గుర్తులు ఉష్ణోగ్రత సంగతి చెబుతాయే గానీ, మీద వోల్టేజి పడితే ఎంత మిగులుతుందో చెప్పవు. 10 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న చిన్న ముక్క ఐదు వోల్టుల కింద సగం కూడా ఉండకపోవచ్చు. ఆ మిగిలేది ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. ఇక ట్రాన్సిస్టర్లు: పీఎన్2222ఏ, పీ2ఎన్2222ఏ పక్కపక్కన పెడితే పేరులో ఒక్క అంకె ఎక్కువైంది, కాళ్ల వరస మాత్రం తిరగబడింది.

ఒక పార్టు బదులు వాడుకోగల ఇంకో కంపెనీ పార్టును మనం సెకండ్ సోర్స్ అంటాం, అంటే డ్రాయింగులో రాసే రెండో పేరు. ఆ మాటకు మొదట్లో అర్థం వేరు. 1981లో వచ్చిన తన పీసీకి ఐబీఎం ఇంటెల్ 8088 ఎంచుకున్నప్పుడు, ఒక్క కంపెనీ మీదే ఆధారపడం, ఇంకొకరు కూడా చేయాలి అంది. 1982లో ఇంటెల్, ఏఎండీ ఒప్పందం రాసుకున్నాయి. ఏఎండీ చేసిన 8088 ఇంటెల్ ఇచ్చిన లైసెన్సుతో, దాని డిజైనుతో చేసిందే. 8051 కూడా అలాగే చాలామంది చేతుల్లోకి వెళ్లింది. మన కాలేజీ ల్యాబుల్లో దాన్ని ఇన్నేళ్లు నేర్పగలగడానికి అదొక కారణమని నా నమ్మకం. 1985లో 386 వచ్చాక ఇంటెల్ ఇక పంచనంది. దాని మీద ఏళ్లకేళ్లు వ్యాజ్యం నడిచింది. ఏఎండీ సొంత 386 బయటికొచ్చేసరికి 1991.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఇది. ఆనాటి రెండో పేరు అసలు తయారీదారు స్వయంగా అప్పగించిన పేరు. ఇవాళ మనం రెండో పేరంటున్నది మనంతట మనం వెతుక్కున్నది. పోలిక ఉంది, పూచీ లేదు. ఆ పూచీ డిజైన్ చేసినవాడు పడాలి. దాన్ని పర్చేజ్ డిపార్ట్‌మెంటు నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

రెండు పేర్లున్నా మూలం ఒకటే కావచ్చు. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ప్లాంటు పేలింది. అక్కడ చిప్పులు చేయరు, చిప్పుల మీద పోసే నల్లటి పూతకు కావాల్సిన ఎపాక్సీ రెసిన్ చేస్తారు. ప్రపంచానికి కావాల్సినదాంట్లో సుమారు 60 శాతం అక్కడిదే. మెమరీ చిప్పుల ధరలు ఎగిసిపడ్డాయి. ఇద్దరు ముగ్గురు చిప్పు తయారీదారుల్ని పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఆ రోజే తెలిసింది, వాళ్లందరిదీ ఒకే చెరువు నీరని. ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు ఉంటే రెండు సోర్సులు ఉన్నట్టేనని అనుకునేవాళ్లు ఇప్పటికీ నాకు తగులుతుంటారు. కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగు షాపుల్లో దొరికింది కదా అని డిజైనులో పెట్టేసే కుర్రవాళ్లూ ఉన్నారు. ఆ గల్లీలోనే నేను పని నేర్చుకున్నాను, దాని మీద నాకెంతో ప్రేమ. కానీ ప్రోటోటైపుకు పది దొరకడం వేరు, రెండేళ్లపాటు నెలకు రెండువేలు దొరకడం వేరు.

అసలు రెండో పేరే లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. 2000 మార్చి 17 రాత్రి అమెరికాలో, న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో పిడుగు పడి ఫిలిప్స్ చిప్పుల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ పొగ, నీళ్లు క్లీన్‌రూములోకి చేరాయి. నోకియా, ఎరిక్‌సన్ రెండూ ఫోన్లకు అక్కడి చిప్పులే వాడుతున్నాయి. వారం ఆలస్యమవుతుందని రెండింటికీ కబురందింది. నోకియా వాళ్లు రోజూ ఆరా తీసి, వారం కాదు నెలలు పడుతుందని పసిగట్టి, ఫిలిప్స్ వేరే ఫ్యాక్టరీల్లో చోటు సంపాదించారు. కొన్ని భాగాలను ఇంకొకరి దగ్గర చేయించుకునేలా డిజైనే మార్చుకున్నారు. ఎరిక్‌సన్ అంతకు కొన్నేళ్ల ముందే ఖర్చు కలిసొస్తుందని రెండో సరఫరాదారులను వదిలేసింది. దానికి వచ్చిన నష్టం సుమారు 40 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసుకుంది. మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీన్ని చురుకుదనం కథగా చెబుతారు. నాకు మాత్రం ఇది డ్రాయింగు కథ. డిజైను మార్చడానికి అందులో చోటుంటేనే చురుకుదనం పనికొస్తుంది.

అన్నింటికీ రెండో పేరు పెట్టలేం. మా బోర్డు మీద 47 రకాల భాగాలున్నాయి. ఒక్కోదాన్నీ పరీక్షించడానికి వారం వేసుకున్నా ఏడాది గడిచిపోతుంది. రెసిస్టర్ల గురించి నేను బెంగపెట్టుకోను. జీఎస్ఎం మాడ్యూలుకు రెండో పేరు పెట్టడం అయ్యే పని కాదు. యాంటెన్నా, ఫర్మ్‌వేరు, కమాండ్లు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. అలాంటివాటికి డబ్బు కట్టి స్టాకు పెట్టుకోవడమే దారి. ఆపేస్తున్నామని తయారీదారు చివరి ఆర్డరు అడిగినప్పుడు, అమ్మబోయే డబ్బాలే కాక రిపేర్లకు పట్టేవి కూడా లెక్కవేసి కొనాలి. మధ్యలో మిగిలేవి పదో పన్నెండో. రెగ్యులేటరు, రిలే, రిలేను నడిపే ట్రాన్సిస్టరు, మైక్రోకంట్రోలరు, ఈ కెపాసిటరు. వీటికి సర్క్యూటు గీస్తున్న రోజే రెండో పేరు రాస్తున్నాం. రిలే దగ్గర రెండు రకాల కాళ్లకూ ప్యాడ్లు వేస్తున్నాం. రాగి మీద నాలుగు ఖాళీ ప్యాడ్లకు పైసా ఖర్చులేదు. అదే బోర్డు అచ్చయ్యాక కావాలంటే మళ్లీ బోర్డే వేయించాలి.

రెండో పేరు పక్కన ఇప్పుడు ఇంకో గడి ఉంది. ఈ పార్టు నుంచి సర్క్యూటు అడుగుతున్నదేమిటో అందులో ఒక్క వాక్యంలో రాస్తాం. కెపాసిటరు గడిలో ‘రెండు ఆంపియర్ల కుదుపుకు 0.1 వోల్టు మించి పడకూడదు, పది డిగ్రీల చలిలో కూడా’ అని ఉంటుంది. దాని కింద పరీక్షించినవాళ్ల సంతకం, తేదీ. సంతకం లేని పేరును పర్చేజ్ ఆయన కొనడు. నేను చెప్పినా కొనడు. ఆ పరీక్ష ఎలా చేస్తామంటే, డబ్బాను మూతబిగించిన స్టీలు పెట్టెలో పెట్టి సిగ్నలు పడిపోయేలా చేస్తాం. ఆ పెట్టె రాత్రంతా చల్లటి గదిలో ఉంటుంది. పొద్దున్నే మూత తీయకుండానే ఫోన్ చేస్తాం.

ఆ స్టీలు పెట్టె, నల్లగొండ నుంచి వచ్చిన బోర్డు ఒకటి, ఈ కెపాసిటర్లు రెండూ ఇదిగో ఈ బల్ల మీద పెడుతున్నాను. పక్కన ఈఎస్ఆర్ మీటరు, స్కోపు కూడా ఉన్నాయి. విద్యార్థులు ముందుకు రండి. పేర్లు కనబడకుండా టేపు చుట్టాను. ఏది ఏదో మీరే కొలిచి చెప్పండి.